కాంక్రీటు కలిపే మిషను

ప్రొద్దుటూరు, 1962

జమ్మలమడుగులో ఉన్న అన్నకు,

ఇక్కడ క్షేమమని రాయలేను.

కాలువ పని ముగించిన కాంట్రాక్టరు అమ్ముతున్న కాంక్రీటు మిషను మా ఇంటి కోసం కొనాలా వద్దా అని అడిగావు. మీ బావ కొనమనే అంటున్నారు. మేమిద్దరం పారలతో కలిపి పోసిన పైకప్పు కూలి ఆయన మీదే పడింది కదా.

"చేత్తో కలిపినందుకే పడిపాయ. మిషనొస్తే లేసి మళ్లా పోస్తా సూడుమే" అంటూ నీ జవాబు కోసం రోజూ ఎదురుచూస్తున్నారు.

నడుము విరిగింది, ఇక లేవలేరని డాక్టరు నాకొక్కదానికే చెప్పాడు. మిషను వద్దంటే ఎందుకని ఆయన అడుగుతారు. తెప్పిస్తే దాన్ని మంచం మీంచి చూస్తూ ఉండాలి.

కొనొద్దు. నువ్వే వచ్చి, పక్కన కూర్చుని, ఎందుకో చెప్పన్నా. నేను చెబితే, ఆ తర్వాత రోజూ ఆయన చూడాల్సింది నా మొహమే.

నీ చెల్లెలు