గంప లేని మనిషి మాట

మే 28, బుధవారం
రాజీ ఫోనుకి ఛార్జింగు పెట్టాను. పిల్ల పోయి ఏడాది అయింది. ఫోను మాత్రం రోజూ టింగుమంటూనే ఉంది. బొమ్మల గురించి రాజీ రాసినవి జనం ఇంకా చదువుతున్నారు. గుడి గోడలు, పడవల మీది చేపలు, షాపు బోర్డులు... ఏది బాగుంది, ఏది బాగోలేదు, ఎందుకు. ఈరోజు ఒకదాని కింద ఎవడో రాశాడు — "బొమ్మల మీద తీర్పులు చెప్పేవాళ్ళూ, క్రిప్టో కాయిన్లని ఊదరగొట్టేవాళ్ళూ ఒకటే. ఇద్దరూ గాలి అమ్ముకునేవాళ్ళే." బోలెడు మంది మెచ్చుకున్నారు.
నా కూతురు గాలి అమ్మిందా?

మే 29
కోపం తగ్గలేదు. కూర మాడింది.

జూన్ 1, ఆదివారం
సాలూరు నుంచి తమ్ముడు అప్పన్న వచ్చాడు. లారీ దిగాడో లేదో, ఈ అక్క దగ్గర కాయిన్ల గోల. ఆ డబ్బు ఫోనులోనే ఉంటుందట, చేతికి రాదట. "అప్పా, ఇప్పుడే కొనీయ్. రేపైతే అందదు!"
ఆ కామెంటు చూపించాను. నాకంటే వాడికే ఎక్కువ పొడుచుకొచ్చింది.
"నన్ను తీసుకెళ్ళి బొమ్మలోలతో కలిపేత్తాడేటి? రాజీ ఎవుల్నైనా ఏటైనా కొనమన్నాదా? ఒక్కడికి లాభం తెచ్చినాదా?"
"నువ్వు తెచ్చినావేటిరా?"
వాడి మొహం చూడాలి... ఇద్దరం పడీ పడీ నవ్వాం. పిల్ల పోయాక ఇంతలా నవ్వడం ఇదే.

జూన్ 5
సముద్రంలో చేపల వేట నిషేధం అయిపోవస్తోంది. ఒడ్డున పడవలన్నిటికీ కొత్త రంగులు. మా పడవకి రంగులేసే సింహాచలం చేప బొమ్మ వేస్తున్నాడు. రెండేళ్ళ కిందట వాడు వేసిన చేపని రాజీ ఉతికి ఆరేసింది — "కన్ను లోపలికి పోయింది. ఇది ఈదే చేప కాదు, ఐసులో చేప" అని. చాన్నాళ్ళు వాడు మా గుమ్మం తొక్కలేదు.
అప్పన్న చూసి "సూపరెహే, అదిరిపోనాది!" అన్నాడు. అనడా మరి? పడవలో వాడికీ వాటా ఉంది.
నేను కన్ను చూశాను. ఈసారి ఉబ్బుగా ఉంది, తడిగా మెరుస్తోంది. సింహాచలం తనంతట తనే అన్నాడు — "పాప సెప్పినట్టే ఏసినాను, పిన్నీ."

జూన్ 6
పొద్దున్నే తట్టింది.
రేవులో మాకో పద్ధతి. గంప ముందు కూర్చున్న మనిషి "తాజా చేప" అంటే ఎవరూ నమ్మరు. అమ్మేదీ కొనేదీ లేని మనిషిని పిలుస్తాం. ఆమె వచ్చి మొప్ప ఎత్తి, వేలితో నొక్కి ఒక మాట చెబుతుంది. తర్వాతే వేలం పాట. ఆ మాట తప్పితే ఆమెనీ తిడతాం. అయినా మళ్ళీ పిలుస్తాం... గంప లేదు కదా.
తమ్ముడు దొంగ కాదు. వాడి ముందు గంప ఉంది, అంతే. రాజీ ముందు లేదు. ఇద్దర్నీ ఒకటే అన్నవాడి ఊళ్ళో రేవు లేదేమో, పాపం.

జూన్ 8, ఆదివారం
ఆ కామెంటుకి జవాబుగా ఇదంతా ఫోనులో కొట్టాను. రాజీ అమ్మని రాస్తున్నాను అని మొదలెట్టి. వేళ్ళు నొప్పెట్టాయి. చదువుకుంటే... ఓలమ్మ! నా ముందు గంప లేదా? మా పిల్ల బంగారం అని తల్లి చెబితే ఏ రేవులో చెల్లుతుంది?
చెరిపేశాను. నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది.
అప్పన్నకి ఫోను చేసి, గంప సంగతంతా చెప్పి "నువ్వు రాయరా" అన్నాను.
"మేనమావని, నాదీ గంపే కదప్పా."
పర్వాలేదు, వీడికీ తలకెక్కింది.

జూన్ 10
సింహాచలం దగ్గరికి వెళ్ళాను. రాజీ చేత తిట్టు తిన్నవాడు. మా పడవ రంగు కూలి ముందే ముట్టినవాడు. ఆ కామెంటు చూపించి, రాజీ గురించి నీ ఫోనులో నీకు తోచింది రాయి అన్నాను.
"తిట్టు కూడా రాసీమంటావేటి, పిన్నీ?"
"రాసీ."
పడవ నీడలో కూర్చుని, నీలం రంగు వేళ్ళతో చాలాసేపు కొట్టాడు. మధ్యలో ఒకసారి నవ్వాడు. ఒకసారి తలెత్తి చేప కన్ను వైపు చూశాడు.
"ఇంకా పంపనేదు. సదివి నువ్వే నొక్కు. సందేళొచ్చి ఫోను తీసుకుంతాను" — రంగు డబ్బా కోసం టెక్కలి వెళ్ళిపోయాడు.
ఫోను నా ఒళ్ళో ఉంది. అద్దం నిండా నీలం మరకలు. చదవాలని ఉంది... చదివితే ఒక్క మాటైనా మార్చాలనిపిస్తుంది, నాకు తెలుసు. చదవకుండా నొక్కేస్తే? ఏం తిట్టాడో!
పొయ్యి మీద కూర ఉంది. ముందు అది దించాలి.