ఎంజైము మీద నింద

శ్రీవారికి,

ఇక్కడ అత్తయ్య, పాప, నేను ఆరోగ్యంగానే ఉన్నాం. మీరు కూడా వేళకు తింటున్నారనే అనుకుంటాను, అడిగినా నిజం చెప్పరు కదా.

వంటింటి కుళాయి బాగైందా అని అడిగారు. కాలేదు. వచ్చినవాడు చూసి, తల గోక్కుని, మళ్లీ వస్తానని పోయాడు. పాపకు ముందు పన్ను ఊడింది. మీకు చూపించాలని దాచుకుంది. ఇదంతా ఫోనులో చెప్పొచ్చు, కానీ ఫోనులో నా మాట పూర్తి కానివ్వరు.

ఇక మీరు అసలు అడిగింది: ఎంజైము ఎందుకు దాటదో తేలిందా? ఆ మాట వింటేనే ఒళ్లు మండుతోంది. మనం పీల్చే ఆక్సిజనే కణంలో డీఎన్ఏను పాడుచేస్తుంది. ముఖ్యంగా డీఎన్ఏ నాలుగు అక్షరాల్లో జి మీదే దాని కన్ను. పాడైన జి ఎదురైతే, మామూలుగా నకలు తీసే ఎంజైము ఆగిపోతుంది, లేదా సి రాయాల్సిన చోట ఎ రాసేస్తుంది. అప్పుడు మన ల్యాబులో పరిశీలిస్తున్న ఎంజైము వచ్చి, సరిగ్గా సి పెట్టి, ఆ ఒక్క గతుకు దాటించి తప్పుకోవాలి. దాటించలేదని మీ పరిశోధన పేపరులో రాశారు. అది నమ్మి, ఎందుకు దాటించదో తేల్చుదామని నెలల తరబడి బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

మీరు ల్యాబు వదిలేముందు చేసిపెట్టి వెళ్లిన డీఎన్ఏ ట్యూబులు అయిపోవచ్చాయి. అందుకని కొత్తది నేనే తయారుచేశాను. దాటింది! తడబడకుండా, సి పెట్టి మరీ దాటింది. తేడా ఎక్కడుందో తెలుసా? మెర్కాప్టోఇథనాల్. ఆ కుళ్లు కంపు మందు. నేను కలిపాను. "ఆ కంపుతో ఇంటికెళ్తే పాప దగ్గరికి రాదు" అని మీరు కలపడం మానేసేవారు. అది లేకపోతే పాడైన జి అక్కడితో ఊరుకోదు, ఇంకా పాడై మరో రూపం దాలుస్తుంది. మీ ట్యూబులో మిగిలిన చుక్కను పరీక్ష చేయించాను. మీరు పేపరులో రాసిన దెబ్బ కాదు అందులో జి కి తగిలింది, అంతకన్నా పెద్దది; ఎంజైము ఆగిపోయింది దాని దగ్గర. ఆ ఎంజైమును అనవసరంగా ఆడిపోసుకున్నాం.

ఆ రోజు ఇంటికొచ్చి గిన్నెలు ధనధనా తోముతుంటే అత్తయ్య వచ్చారు.

"ఎవరి మీదమ్మా కోపం?"

"మీ అబ్బాయి మీద."

"వాడిక్కడ లేడుగా?"

"ఉన్నప్పుడు చేసిందే."

"సరే, మరి గిన్నెలేం చేశాయి?"

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆ పేపరు చూసే మీకు అక్కడ ఉద్యోగమిచ్చారు. ఆవిడకు ఏమని చెప్పను?

ఇంతసేపూ నసిగాను. ఇప్పుడు చెబుతున్నాను. మీకు చెప్పకముందే మన ల్యాబు ప్రొఫెసరుగారికి చెప్పేశాను. ముందు మీకే చెప్పాల్సింది, తెలుసు. కానీ "కొన్నాళ్లు ఆగు" అంటారని, మీరంటే నేను నిజంగానే ఆగిపోతానని భయమేసింది. ఆయన వెంటనే ఆ పేపరు అచ్చేసిన పత్రికకు రాస్తానన్నారు. తప్పు జరిగిందని మీరే రాస్తే గౌరవంగా ఉంటుందని బతిమాలాను. నెలాఖరు వరకు ఆగుతారట.

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకు తెలియదు. ఊడితే ఇంటికి వచ్చేయండి, ఎలాగో నెట్టుకొద్దాం. మీరు రాయకపోతే మాత్రం ఆయన రాస్తారు. దాని కింద నన్నూ సంతకం పెట్టమన్నారు. పెడతానన్నాను.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని
మీ భార్య