స్తంభం వెనక సుద్దగీత

వదినా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు చేతిలో టీ పెట్టుకోకు, నవ్వి ఒలకబోసుకుంటావు. నీ మరదలు ఇప్పుడు పిల్లల పుస్తకాలు చదువుతోంది! పడవ మునిగి దీవిలో చిక్కుకున్న పిల్లలు, గుహలో దారి తెలియక తిరిగే పిల్లలు, ఎలుగుబంటికి ఎదురుపడి కూడా బతికి బయటపడ్డ పిల్లలు. అరవై దాటాక ఇదేం పిచ్చే అంటావని తెలుసు. అనుకో. నేను మాత్రం ఆపేది లేదు.

తప్పంతా మా మనవరాలిది. పిడుగు అని నువ్వు పెట్టిన పేరు అది బాగానే నిలబెడుతోంది. స్కూలు లైబ్రరీ నుంచి పుస్తకాలు తెస్తుంది, చదువుతుంది, ఎక్కడ పడితే అక్కడ పారేసి పోతుంది. మొన్న ఒకటి సర్దబోయి ఒక్క పేజీ చూశాను. అంతే, పొయ్యి మీద కూర మాడి బొగ్గయింది. ఆ వాసనకి కోడలు పరిగెత్తుకొచ్చింది.

"ఏంటత్తయ్యా, ఏమైంది?"

"ఆగమ్మా, పిల్ల ఏట్లో పడిపోయింది!" అన్నాను, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

పాపం, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి ఉరికింది. పిడుగు గేటు దగ్గర సైకిలు తొక్కుతూ కనిపించాక గానీ దాని ప్రాణం కుదుటపడలేదు. ఆ సాయంత్రం మావాడితో, "మీ అమ్మగారి చేతికి పుస్తకం ఇచ్చేముందు పొయ్యి కట్టేయాలండీ" అంది.

ఇప్పుడు చదువుతున్నది మంచు అడవిలో తప్పిపోయిన పన్నెండేళ్ల పిల్ల కథ. దాని దగ్గర ఒక చాకు, ఒక రేకు డబ్బా తప్ప ఇంకేమీ లేవు. ఒకప్పుడు వాళ్ల తాత చెప్పిన మాటే దానికి దిక్కు: 'దారి తప్పితే కాళ్ల మాట వినకు. ముందు కూర్చో. కూర్చుని చూడు.' అక్కడ దానికి చలేస్తుంటే ఇక్కడ నేను దుప్పటి కప్పుకుంటున్నాను, చూసుకో!

నా కుట్టుషాపు ఎందుకు తెరవడం లేదని అడిగావు. మోకాళ్లనొప్పులు. తగ్గాక చూద్దాం.

నీ మరదలు

*

వదినా,

నానమ్మ మేడమీద దుప్పట్లతో గుడారం కట్టిందని పిడుగు నీకు ఫోన్లో చెప్పేసిందట. "మోకాళ్లనొప్పులున్నదానివి మేడెలా ఎక్కావే దొంగా?" అని నిలదీశావు. నీ దగ్గర దాచడం నా తరమా!

నా మోకాళ్లకేం రోగం లేదు. నేను దారి తప్పాను వదినా. షాపు నుంచి ఇంటికి వచ్చే దారిలో. దారిలో ఉండే పాత గోడౌన్ల వరస మొత్తం కూల్చేశారు. ఆ సాయంత్రం షాపు కట్టేసి వస్తుంటే ఎటు చూసినా బయలే. ఎక్కడ తిరగాలో తోచలేదు. ఇన్నేళ్లు నడిచిన దారి ఇప్పుడు అడిగితే నవ్వుతారని సిగ్గుపడి నడిచాను, ఇంకా నడిచాను. కాలు గాలిన పిల్లిలా తిరిగి తిరిగి చివరికి ఏదో పెట్రోలు బంకు ముందు నిలబడి ఏడుస్తుంటే, అక్కడి మనిషి మావాడికి ఫోన్ చేశాడు.

డాక్టరు పరీక్షలన్నీ చేసి, మతిమరుపేమీ లేదు, కంగారుపడ్డారంతే అన్నాడు. మావాడి భయం మాత్రం పోలేదు. షాపు తాళంచెవి తీసుకెళ్లి తన బీరువాలో పెట్టుకున్నాడు. "ఒక్కదానివే బయటికి వెళ్లొద్దమ్మా. నీకేమన్నా అయితే నేనేం కావాలి?" అన్నాడు. వాడి ప్రేమ అది, కాదనలేకపోయాను. నిజం చెప్పనా, నాకే నా మీద నమ్మకం పోయింది. పొద్దున లేవగానే వాకిలి ఎటు, వంటిల్లు ఎటు అని నన్ను నేనే పరీక్ష పెట్టుకుంటున్నాను. నెలాఖరుకి షాపు ఖాళీ చేస్తామని వాడు ఓనరుకి మాట కూడా ఇచ్చేశాడు. నా మిషను ఎక్కడ పెడతారో, మీ తమ్ముడు గుడ్డలు కత్తిరించిన బల్ల ఎవరికి ఇచ్చేస్తారో తెలియదు. ఆ షాపు పోతే నేను ఈ ఇంట్లో ఒక మూల పెట్టిన సామానునే కదా వదినా.

ఇక అసలు సంగతి విను! మంచు అడవి పిల్ల ఏం చేసిందో తెలుసా? చెట్ల మీద చాకుతో గుర్తులు పెట్టుకుంటూ బయల్దేరింది! అది చదివి మంచం మీద నుంచి లేచి నిలబడ్డాను. చాకు లేకపోతేనేం, గుడ్డ మీద గీసే నీలం సుద్దబిళ్ల నా దగ్గర లేదూ? రేపు అందరూ ఎవరి పనికి వాళ్లు వెళ్లాక నేనొక్కదాన్నే షాపు దాకా వెళ్లి వస్తాను. దారిలో స్తంభానికొక గుర్తు. తాడో పేడో తేల్చుకుంటాను. మావాడికి చెప్పావంటే నీకూ నాకూ మాటల్లేవు.

నీ మరదలు

*

వదినా, వదినా, వదినా!

గెలిచాను! కాదు, ముందు ఓడిపోయాను. ఉండు, వరసగా చెబుతాను.

వెళ్లేటప్పుడు మహారాణిలా వెళ్లాను. ఎదురైన ప్రతి కరెంటు స్తంభం మీదా ఇంటూ గుర్తు గీసుకుంటూ, కనబడినవాళ్లని దారి అడుగుతూ షాపు చేరాను. మూసిన షట్టరు మీద కాసేపు చెయ్యి ఆనించి నిలబడ్డాను. తర్వాత వెనక్కి తిరిగాను. ఈసారి ఎవరినీ అడగకూడదని పట్టుదల.

కూల్చేసిన గోడౌన్ల దాకా దారి తెలిసిందే, గుర్తులు చూసుకోలేదు. అక్కడికి వచ్చాక చూస్తే స్తంభం మీద గుర్తు లేదు. తర్వాతి స్తంభం మీదా లేదు. ఆ తర్వాత దాని మీదా లేదు! ఎవరో తుడిచేశారా, అసలు నేను గీశానా, ఇది వేరే వీధా? కాళ్లు పరిగెత్తమంటున్నాయి. అప్పుడు ఆ పిల్ల తాత గుర్తొచ్చాడు. రోడ్డు పక్కన వేసిన పెద్ద సిమెంటు పైపు మీద కూలబడ్డాను. ఊపిరి అందాక ముందుకి చూశాను. ఏమీ లేదు. మెల్లగా తల వెనక్కి తిప్పాను.

ఇప్పుడే దాటి వచ్చిన స్తంభం మీద నీలం గీతలు! దాని వెనక స్తంభం మీదా ఉన్నాయి! వెళ్లేటప్పుడు నాకు ఎదురుగా ఉన్న వైపు గీశాను. తిరిగి వచ్చేటప్పుడు అది స్తంభానికి అవతలివైపు అయిపోయింది. నేను దారి తప్పనేలేదు వదినా, సరైన దారిలోనే వస్తున్నాను! జీవితమంతా గుడ్డకి లోపలివైపు గుర్తు పెట్టినదాన్ని, స్తంభానికి మాత్రం పైవైపు పెట్టాను. మీ తమ్ముడుంటే, "గుర్తు వెనకవైపు పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలే?" అని మొట్టికాయ వేసేవాడు. పైపు మీద కూర్చుని ఒక్కదాన్నే పకపకా నవ్వాను, కాసేపు ఏడ్చాను కూడా.

అక్కడినుంచి ప్రతి స్తంభం వెనక్కీ వెళ్లి తొంగి చూసుకుంటూ వచ్చాను. స్కూటరు మీద వెళ్లే ఒకాయన ఆగి, "ఏమ్మా, ఏమైనా పోయిందా?" అని అడిగాడు.

"పోయింది నాయనా, దొరికింది" అన్నాను.

గేటు దగ్గర మావాడు. ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ తీయలేదని ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చాడట. ముఖంలో నెత్తురుచుక్క లేదు. జరిగినదంతా దాచకుండా చెప్పాను.

"మళ్లీ తప్పితే?" అన్నాడు.

"కూర్చుంటాను. కూర్చుని వెనక్కి చూస్తాను. అప్పటికీ తెలియకపోతే అడుగుతాను. అడగడానికి ఇక సిగ్గుపడనురా."

వాడు లోపలికి వెళ్లాడు. బీరువా తలుపు చప్పుడైంది. తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టి, రెండో చెయ్యి నా ముందు చాపాడు.

"ఆ సుద్దబిళ్ల ఇలా ఇవ్వు."

"నీకెందుకురా?"

"రెండోవైపు గీయాలిగా. పద, నేనూ వస్తా."

ఇది షాపులో కూర్చుని రాస్తున్నాను వదినా. ఖాళీ చేయడం లేదని మావాడే ఓనరుకి చెప్పేశాడు. మంచు అడవిలో పిల్ల ఇంకా అక్కడే ఉంది, చివరి పేజీలు చదవడానికి తీరిక చిక్కడం లేదు. ఎలాగూ వచ్చేస్తుందిలే, నాకు తెలుసు. నీ కొత్త కొలతలు పంపు. లావయ్యావని పిడుగు చెప్పింది, దాచకు.

షాపు తెరిచిన నీ మరదలు