ఆపిల్ తోటలో పెర్సీ మామయ్య

చిరంజీవి హిల్డాకు, నార్మండీలో నేను క్షేమం. ఈ కార్డును అమ్మకు నెమ్మదిగా చదివి వినిపించు.

పెర్సీ మామయ్య యుద్ధంలో, తన ట్యాంకులోనే సజీవంగా కాలిపోయాడని అమ్మ నలభై ఏళ్ళుగా కుమిలిపోతున్నది. అది నిజం కాదు. రెజిమెంటు దినచర్య పుస్తకంలో దొరికిన ఊరిపేరు పట్టుకొని వచ్చి, ఆపిల్ తోట యజమానురాలు మదాం ఒబ్రేను కలిశాను. మామయ్య ఫొటో చూడగానే ఆమె గుర్తుపట్టారు. రాలుతున్న పూతలో, కలలో నడిచినట్లు ఆమె వెంట నడిచాను.

"మీ ఇంగ్లీషువాళ్ళకి గుండ్లు పడుతున్నా టీ కావాలి కదా, మేష్టారూ! ఇసుక నింపిన డబ్బాలో పెట్రోలు పోసి మంట పెట్టేవాళ్ళు. మీ మామయ్య ట్యాంకు దిగి, ఇదిగో, ఈ చెట్టు కిందే టీ కాచాడు. నాకూ ఓ కప్పిచ్చాడు. మహా చెత్తగా ఉంది! అంతలోనే గుండు ముక్క తగిలింది. నా ఒళ్ళోనే పోయాడు, నొప్పి కూడా తెలీలేదు. ట్యాంకు ఆ తరవాతే అంటుకుంది."

నా చిక్కుడు మొలకలకు నీళ్ళు పోస్తున్నావా? బూడిదరంగు కోటు జేబులోని కళ్ళజోడు పంపు. అమ్మ మోకాళ్ళు ఓడ ప్రయాణానికి ఓర్చుకోగలవేమో వైద్యుణ్ణి అడుగు. ఆ చెట్టు కింద ఆమెకు కుర్చీ వేస్తానని మదాం ఒబ్రే అన్నారు.

పిల్లలకు ఆశీస్సులు, అమ్మకు ముద్దు.

మీ అన్నయ్య,
ఆర్నాల్డ్