ఉత్తరాన జాన్ పొలం

ఆగస్టు 1999, గురువారం రాత్రి, హౌగాంగ్, సింగపూర్

నేను టైపు పనికి వెళ్ళే అమెరికావిడ, మార్గరెట్ ఆంటీ, ఈరోజు నన్ను గట్టిగా వాటేసుకుంది. ఆవిడ పూర్వీకులు బ్రిటిష్ పాలన నాటి వర్జీనియాలో రైతులు. వాళ్ళలో ఒక పెద్దాయన వీలునామా దొరికింది కానీ, అందులో కొడుకు జాన్‌కి రాసిన పొలం ఎక్కడుందో తేలలేదు. అక్కడి కోర్టు కచేరీ తగలబడి ఆ పొలం దస్తావేజు పోయిందట. ఆవిడ తెప్పించుకున్న నకళ్ళు టైపు చేసిపెడుతూ నేనూ జాన్ మీద బెంగ పెట్టుకున్నాను.

"పక్క పొలాల వాళ్ళ దస్తావేజులు చూద్దామా ఆంటీ? మా నాన్న దస్తావేజులో నాలుగు హద్దులూ పేర్లతో సహా ఉంటాయి," అన్నాను. చూశాం. ఎవరో విలియం కొన్న పొలానికి ఉత్తరాన వాగు, వాగు అవతల జాన్ పొలం!

"హలో, జాన్!" అంది ఆంటీ కళ్ళు తుడుచుకుంటూ. వాళ్ళతో నాకేదో చుట్టరికం ఉన్నట్టు నాకూ ఏడుపొచ్చింది. పిచ్చిదాన్ని.

తిరిగొస్తుంటే బస్సులో దిగులేసింది. డిసెంబరు దాటితే ఈయన వైటూకే కంప్యూటర్ల కాంట్రాక్టు ఉంటుందో ఊడుతుందో. ఉన్నదేమో అద్దె ఫ్లాటు. మేం వెళ్ళిపోయాక ఇక్కడ ఉండేవాళ్ళమని ఎలా తెలుస్తుంది? ఈయనతో అంటే నవ్వుతారు. అయినా...

లిఫ్టు దిగేసరికి పక్కింటి చైనీస్ ఆంటీ గుమ్మంలో నిలబడి ఫోన్‌లో ఎవరికో దారి చెబుతోంది. నన్ను చూసి చెయ్యి ఊపి, ఇక్కడి యాస ఇంగ్లీషులో గొంతు పెంచింది.

"వెరీ ఈజీ లా! డోర్ విత్ మ్యాంగో లీవ్స్, సుజాత హౌస్. నెక్స్ట్ డోర్ ఈజ్ మీ!"

తలెత్తి చూశాను. మా గుమ్మానికి కట్టిన మామిడాకులు ఎండి ముడుచుకుపోయాయి. రేపు పొద్దున్నే కొత్తవి తెచ్చి కట్టాలి.