ఆడ గూడ అమ్మనే అంటరట

11 జనవరి 2021, హైడెల్‌బర్గ్
లాక్‌డౌన్‌లో లైబ్రరీకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఈ వారం కూడా దొరకలేదు. మంచం మీదే పుస్తకాలు, మంచం మీదే అన్నం. సెమినార్ వ్యాసానికి ఒక నార్డిక్ మాట తీసుకుని దాని పుట్టుక, వ్యాకరణం రాయాలి. ఐస్‌లాండిక్ నిఘంటువు తిరగేస్తుంటే — అమ్మ. అర్థం నాన్నమ్మ, అమ్మమ్మ. నన్ను పెంచింది నాన్నమ్మ. ఆమెనే అమ్మా అని పిలుస్తాను. ఇంక వేరే మాట వెతకలేదు.

13 జనవరి
ఫోన్‌లో అమ్మకు చెప్పాను. "మన మాట గంత దూరం ఎట్ల వోయింది బిడ్డా?" ఎప్పుడో పోయుంటుందమ్మా, అన్నాను. ఏం తెలుసని అన్నానో...

24 జనవరి
ఐస్‌లాండిక్‌లో ఆమెను చూసినా, ఆమెకు ఇచ్చినా, ఆమెదన్నా — మాట మారి ఒమ్ము. కర్తగా నిలబడితేనే అమ్మ. పిలిచినా అమ్మే. తొమ్మిది పేజీలు. కళ్లు మండుతున్నాయి. చివరి పేజీలో రాసేశాను — ఆ అమ్మ, మన అమ్మ ఒకే వేరు నుంచి వచ్చాయని.

2 ఫిబ్రవరి
జూమ్‌లో ప్రొఫెసర్, నా చిత్తుప్రతి చివరి పేజీ తెరిచి. గొంతు పెంచరు ఆవిడ. "ఇది ఎక్కడ చదివారు మీరు?" ఎక్కడా చదవలేదు. పసిపిల్లలు పెదాలు కలిపి విడిస్తే వచ్చే మాటలివి, ఏ దేశంలో పుట్టినవి ఆ దేశంలోనే, చుట్టరికం లేదు — అన్నారు. చివరి పేజీ తీసేసి పదిహేనుకల్లా పంపాలి.

3 ఫిబ్రవరి
తీసేశాను. నిమిషం పట్టలేదు.

7 ఫిబ్రవరి
అమ్మ గొంతులో ఎంత హుషారో. "బీడీలు చుట్టే కాడ అందరికి చెప్పిన. ఆడ గూడ అమ్మనే అంటరట అని." 'ఆడపిల్లకు గంత సదువెందుకు' అని నేను పదో తరగతిలో ఉన్నప్పటి నుంచీ దెప్పే పక్కింటి సత్తెమ్మ కిక్కురుమనలేదట. "మూతికి మాస్కున్నది గని, లేకున్నా మాట రాకపోవు."
చెప్పలేకపోయాను.

12 ఫిబ్రవరి
వ్యాసం పంపాను. నిద్ర కావాలి.

14 ఫిబ్రవరి
చెప్పేశాను. ఫోన్‌లో బీడీ ఆకు కోస్తున్న కత్తెర చప్పుడు ఆగింది.
"గట్లయితే మనకు గాళ్లు ఏం గారా?"
"ఏం కారమ్మా. నేనే తప్పు రాసిన."
కత్తెర మళ్లీ రెండు ఆకులు కోసింది. తర్వాత — "సత్తెమ్మకు నేను చెప్పలేను బిడ్డా. నువ్వే చెప్పు. స్పీకర్ పెడ్త."
రేపు. అక్కడ నాలుగు, ఇక్కడ పదకొండున్నర.
పెద్దమ్మా, అని సత్తెమ్మతో మొదలుపెడతాను. ఆ తర్వాత...