ఆరో నెల రెండుసార్లు వచ్చింది

జూన్ 11, బుధవారం

నిన్న పౌర్ణమి. శాకాహారం రోజు అవునో కాదో చూసుకుందామని అమ్మ ఫోన్‌లో తిథుల యాప్ తెరిచింది. తిథి కంటే ముందు అడ్వర్టైజ్‌మెంట్ వచ్చింది. మూసేద్దామని మూలనున్న ఎక్స్ నొక్కింది. ఆ ఎక్స్ కూడా అడ్వర్టైజ్‌మెంటే. ఇవాళ ఒళ్లు తగ్గించే టీ డబ్బాలు ఆరు ఇంటికొచ్చాయి. అమ్మ బరువు నలభై కిలోలు.

ఇక చాలు. ఈ ఇంట్లో పరాయి కంపెనీ యాప్ ఒక్కటి కూడా ఉండకూడదు. బీరువా మీద నా సర్వర్ ఉండగా వీళ్లందరికీ ఆ దిక్కుమాలిన యాప్‌లు ఎందుకో నాకు అర్థం కాదు. మా కాలేజీ ల్యాబ్‌లో తుక్కుకి వేయబోతుంటే తెచ్చుకున్న పాత కంప్యూటర్ అది. మోసుకొచ్చేసరికి నడుం పట్టేసింది, అందుకే పనస అని పేరు పెట్టాను. మా ఊరు హుయేలో ఏటా వరద కాబట్టి దాని చోటు బీరువా మీద. తొమ్మిదేళ్లుగా లినక్స్ మీద నడుస్తోంది. ఈ ఇంట్లో నాకు ఎదురు చెప్పనిది అదొక్కటే.

జూన్ 14, శనివారం

క్యాలెండర్ తయారైంది. చాంద్రమానం పట్టిక ఎవరో పుణ్యాత్ముడు రాసి ఉచితంగా పెట్టాడు. దాని మీద స్క్రిప్ట్ నాది, నూట పది లైన్లు. లాగిన్ లేదు, అడ్వర్టైజ్‌మెంట్ లేదు, మన ఇంటి సంగతులు ఎవడికీ మోయదు. పౌర్ణములు, పాడ్యములు, నాన్న తద్దినం అన్నీ ఇంగ్లీషు తేదీల్లోకి మార్చి చూపిస్తుంది.

గోడ మీద రోజుకో కాగితం చింపే క్యాలెండర్ తీసేసి అదే మేకుకి పాత ట్యాబ్లెట్ తగిలించాను. ఈ నెల 23న అమ్మకి రెండో కంటి శుక్లం ఆపరేషన్. ఆ చీమతలకాయంత తిథి ఆమెకి ఎలాగూ కనపడదు. చింపిన కాగితాల వెనక సరుకుల జాబితా రాసుకునేదాన్ని, ఇప్పుడు దేని మీద రాసుకోనురా అంది. నోట్స్ కూడా పెట్టిస్తానన్నాను. లోపలికి వెళ్లింది.

జూన్ 17

కొత్త రైస్ కుక్కర్ వైఫై పాస్‌వర్డ్ అడిగింది. ఇవ్వలేదు. అన్నం ఉడికింది.

జూన్ 19, గురువారం

దనాంగ్‌లో ఉన్న హన్ అక్క ఫోన్‌లోకి మన క్యాలెండర్ ఎక్కించడానికి నలభై నిమిషాలు పట్టింది. అడ్రస్, పోర్ట్, పేరు, పాస్‌వర్డ్. నాలుగంటే నాలుగు గడులు! ఒరేయ్ తమ్ముడూ, నాన్న తద్దినం ఫలానా రోజని నోటితో ఒక్క ముక్క చెప్తే పోయేదానికి నాకు పరీక్ష పెడతావేంట్రా అని విసుక్కుంది. అలా నోటితో చెప్పుకునే కదా మన ఇంట్లో సగం గొడవలు వచ్చేది అన్నాను.

చివరికి వచ్చింది. నాన్న తద్దినం, ఆగస్టు 5, మంగళవారం. అక్క అక్కడికక్కడే సెలవు పెట్టింది, రైలు టికెట్ కూడా తీసేసుకుంది. ఫుంగ్ బాబాయికి ఉన్నది బటన్ల ఫోను కాబట్టి ఆయన్ని వారం ముందు నేనే స్వయంగా పిలవాలి.

జూన్ 23, సోమవారం

కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని అమ్మ అడిగింది, మీ నాన్న రోజు ఎప్పుడొచ్చిందిరా అని. ఆగస్టు 5 అన్నాను. ఏటా జూలైలో కదరా వచ్చేది, ఇంత ఆలస్యమేంటి అంది. ఈ ఏడు అధికమాసం పడింది కదమ్మా, అన్నీ వెనక్కి జరుగుతాయి అన్నాను. నాకెందుకో తేడాగా ఉందిరా ఖాయ్, ఒకసారి మళ్లీ చూడు అంది.

చూడలేదు. మెషిన్ లెక్కలో ఎందుకు తేడా ఉంటుంది? ల్యాబ్‌లోనూ ఇదే గోల. కీబోర్డు పనిచేయడం లేదంటూ వస్తారు, వెళ్లి చూస్తే తీగ ఊడి ఉంటుంది. వాడేవాళ్ల అనుమానాలన్నీ పట్టించుకుంటూ పోతే ఏ సాఫ్ట్‌వేరూ బతకదు.

జూలై 2, బుధవారం

టీవీ ఆన్ చేస్తే ఖాతా తెరవమంది. మన డబ్బుతో కొన్న టీవీ, మన గోడ మీద ఉన్న టీవీ! దాని నెట్ పీకేసి సీరియళ్లన్నీ పనస నుంచి వచ్చేలా పెట్టాను. సరిగ్గా మా ఆవిడ ఖ్వే సీరియల్ చూసే వేళకి పనస అప్‌డేట్ అవుతోంది. ఏవండీ, మీ పనస పండేసరికి హీరోయిన్‌కి మనవలు పుడతారు అని ఆవిడ వెటకారం. పెళ్లై పదహారేళ్లయినా బ్యాకప్ అంటే ఏమిటో నేర్చుకోని మనిషికి నేనేం చెప్పను?

జూలై 6, ఆదివారం

పొద్దున్న నాలుగు గంటలు కరెంటు లేదు. పనస బ్యాటరీ మీద నిలబడింది. ఎవరూ మెచ్చుకోలేదు. విశేషాలేమీ లేవు.

జూలై 9, బుధవారం, ఉదయం

ఆపరేషన్ తర్వాత ఇవాళే అమ్మ మొదటిసారి బజారుకి వెళ్లింది. చేపలు కొంది. వెనక్కి తిరిగి చూస్తే బజారంతా చామంతులు, అరటి గెలలు. టోఫు అమ్మే ఆవిడ, పౌర్ణమి పూట చేపలేంటి పెద్దమ్మా, కంటితోపాటు అది కూడా కోశారా అని తల చూపించి నవ్విందట.

అమ్మ ఇంటికొచ్చి చేపల సంచి నేల మీద పెట్టింది. ట్యాబ్లెట్ ముందు చాలాసేపు నిలబడింది. ఖాయ్, ఇవాళ తిథి పదిహేను అయితే పన్నెండు ఎప్పుడైపోయిందిరా అని అడిగింది.

నాన్న పోయింది చాంద్రమానం ఆరో నెల పన్నెండున.

పది నిమిషాల్లో దొరికింది. నెలల్ని నంబర్లతో దాచాను. ఈ ఏడు ఆరో నెల రెండుసార్లు, ఒకటి అసలుది, దాని వెనకే అధికం. నా స్క్రిప్ట్‌లో రెండో ఆరు వచ్చి మొదటి ఆరుని తుడిచేసింది. ఒక్క లైను. అసలు తద్దినం ఆదివారం అయిపోయింది.

అదే రోజు, సాయంత్రం

అందరికీ తెలుసు! ఖ్వే ఫోన్‌లో ఆ పాత యాప్ ఇంకా ఉంది. శనివారమే గంట కొట్టిందట. మరి చెప్పలేదేం అంటే, చెప్తే ఆ యాప్ ఎందుకు ఉంచావని రెండు గంటలు క్లాసు పీకేవారు, పైగా గోడ మీద మీరు పెట్టినదే కరెక్ట్ అనుకున్నాను అంది. బాబాయికి ఫోన్ చేశాను. ఆదివారం తెల్లారే చొక్కా ఇస్త్రీ చేయించుకుని పిలుపు కోసం కూర్చున్నాడట. అన్న తద్దినానికి నన్ను పిలవని ఇంటికి నేనెందుకు ఫోన్ చేస్తానురా అని అరిచి పెట్టేశాడు.

అమ్మ అన్నం తినలేదు. నాన్న పటం ముందు పీట వేసుకుని కూర్చుంది. ఆయన వచ్చే ఉంటాడురా అంది. పొయ్యి వెలగలేదు, అగరొత్తి లేదు, పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. తప్పు ఇంటికొచ్చాననుకుని వెళ్లిపోయి ఉంటాడు అంది. పక్క గదిలోకి వచ్చి ఇది రాస్తున్నాను.

జూలై 10

పట్టిక రాసినవాడికి పెద్ద ఉత్తరం మొదలుపెట్టాను. మధ్యలో వాడి సూచనలు తెరిచి చూశాను. అధికమాసానికి వేరే గడి ఉందని మూడో పేరాలో రాశాడు. ఇంత ముఖ్యమైన సంగతి మొదటి పేరాలో పెట్టొద్దా?

ఉత్తరం పంపలేదు.

జూలై 13, ఆదివారం

బాబాయి వచ్చాడు. అధికమాసంలో అదే తిథి మళ్లీ వస్తుంది కదా, ఆగస్టు 5న చేసుకుందాం అన్నాను. ఎక్కడి మాటరా, అధికమాసం తిథి లెక్కలోకి రాదు, అసలు నెలలో తప్పితే తప్పినట్టే, వచ్చే ఏడు దాకా మీ నాన్న పస్తే అన్నాడు. అక్క ఫోన్‌లో ఏడ్చింది. నాలుగు గడులు నింపాను కదరా అంది.

అమ్మ మధ్యలో కల్పించుకుంది. మనం మనం వాదించుకుంటే ఏం లాభం, ఆగస్టు 5న ఆయన్నే అడుగుదాం అంది. రెండు రాగి నాణేలు, ఒక వైపు సున్నం పూసినవి, పళ్లెంలో వెయ్యాలి. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు పడితే ఒప్పుకున్నట్టు. రెండూ ఒకేలా పడితే లేదు. అడగాల్సింది ఖాయ్, తిథి తప్పించింది వాడు కాబట్టి అంది బాబాయి వైపు చూస్తూ. బాబాయి సరేనన్నాడు.

స్క్రిప్ట్ సరిచేశాను. అమ్మ ఆ గోడ వైపు చూడడం మానేసింది.

జూలై 27

అమ్మ రొయ్యలు తెచ్చి పులియబెట్టింది. నాన్నకి ఆ పచ్చడి లేనిదే ముద్ద దిగేది కాదు. ఒకవేళ ఒప్పుకోకపోతే ఎలా అన్నాను. ఒప్పుకోకపోతే మనం తిందాం, రొయ్యలేం చేశాయి పాపం అంది. నాతో ఇన్ని మాటలు మాట్లాడి పద్దెనిమిది రోజులైంది.

ఆగస్టు 5

అగరొత్తులు నా చేతికిచ్చారు. ముందు తిథి చెప్పాలి. అధిక ఆరో నెల, పన్నెండు అన్నాను. ఆ తర్వాత పట్టిక సంగతి, వేరే గడి సంగతి, ఆ ఒక్క లైను సంగతి చెప్పాను. నాణేలు వేశాను. రెండూ తెలుపే. బాబాయి దగ్గాడు. అక్క కళ్లు మూసుకుంది.

మీ నాన్నకి ఆ గొడవంతా తెలీదురా, మామూలుగా చెప్పు అంది అమ్మ.

నాన్నా, అమ్మ ముందే అడిగింది, నేను వినలేదు అని మళ్లీ నాణేలు వేశాను.

ఒకటి తెలుపు. ఒకటి ఎరుపు.

అమ్మ అన్నం వడ్డించడానికి లేచింది.